సాత్విక్ ఆడినవాటిలో మీ మ్యాచ్ ఏది?

పోయిన నెల నుంచి మా ఆత్రేయపురంలో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న అడుగుతున్నాను. సాత్విక్ ఆడిన మ్యాచుల్లో మీకు బాగా నచ్చింది ఏది? ఒక్కటే చెప్పాలి. ఇంకో కండిషన్ కూడా ఉంది: ఫోన్ బయటికి తీయకూడదు. యూట్యూబ్‌లో వెతికి, హైలైట్స్ చూసి, "ఆఁ ఇదే" అంటే కుదరదు. తలలో ఏది మిగిలితే అదే లెక్క.

ఏ సాత్విక్ అని మా వైపు ఎవరూ అడగరు. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. అమలాపురం కుర్రాడు. మా ఊరి నుంచి రావులపాలెం, కొత్తపేట మీదుగా బస్సెక్కితే వాళ్ల ఊరే. 2000 ఆగస్టు 13న పుట్టాడు, అంటే ఇది చదువుతున్న మీలో చాలామందికి అన్నయ్య వయసు. 2014లో హైదరాబాద్ వెళ్లి గోపీచంద్ అకాడమీలో చేరాడు. ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ ఆడతాడు. ఇద్దరూ కలిసి 2023 అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. మన దేశం నుంచి డబుల్స్‌లో ఆ మెట్టు ఎక్కిన మొదటి జోడీ అదే.

మా ఊరంటే బయటివాళ్లకి పూతరేకులే. మాకు మాత్రం సాయంత్రమైతే షటిల్ కూడా. రెండు కొబ్బరి చెట్లకి తాడు కట్టి, దాని మీద పాత చీరో వలో వేసి, కరెంటు స్తంభం నుంచి ఒక బల్బు లాగితే కోర్టు తయారు. కాలవ గాలి వచ్చిందంటే షటిల్ ఎటు పోతుందో కొట్టినవాడికే తెలీదు. అందుకే మా దగ్గర అందరూ గట్టిగా బాదడమే నేర్చుకుంటారు. మెల్లగా ఆడితే గాలి తీసుకుపోతుంది మరి.

కాబట్టి మొదటి జవాబు ఏమొచ్చుంటుందో మీరు ఊహించే ఉంటారు.

"565 అన్నా!" అన్నాడు ఇంటర్ చదివే మా పక్కింటి తమ్ముడు, ప్రశ్న పూర్తి కాకముందే.

వాడు చెప్పింది నిజమే. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామాలో, యోనెక్స్ ఫ్యాక్టరీకి చెందిన జిమ్‌లో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కి.మీ. వేగంతో వెళ్లింది. గిన్నిస్ రికార్డు. అంతకుముందున్నది మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ 2013లో కొట్టిన 493. పదేళ్లు కదలని రికార్డును 72 కి.మీ. ముందుకు జరిపాడు. మన వందే భారత్ పట్టాల మీద పరిగెత్తేది మహా అయితే 160తో. దానికి మూడు రెట్లకు పైమాటే. పైగా షటిల్ అంటే ఏంటి, ఐదు గ్రాముల బరువు, పదహారు ఈకలు. రాకెట్ వదిలిన క్షణంలో ఆ వేగం, తర్వాత ఈకలు గాలిని పట్టుకుని బ్రేకు వేసేస్తాయి. అవతలివాడి దగ్గరికి వచ్చేసరికి సగం కూడా ఉండదు. ఉండుంటే డబుల్స్ అనే ఆటే లేదు, సర్వీసు చేయడం, చచ్చిపోవడం, అంతే.

కానీ తమ్ముడి జవాబు నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే అది మ్యాచ్ కాదు. అవతల ఎవరూ లేరు. స్కోరు లేదు. ఆ స్మాష్ పోతే పోయేదేమీ లేదు. రీల్‌కి బాగుంటుంది, మూడు సెకన్లు, బీజీఎం పెట్టుకోవచ్చు. "అలా అయితే తర్వాత చెప్తా" అని వెళ్లిపోయాడు. వారమైంది, ఇంకా రాలేదు. ఫోన్ లేకుండా ఆలోచించడం వాడికి కష్టంగానే ఉన్నట్టుంది.

రెండో జవాబు మా అత్తయ్యది. మేనత్త. ఇంట్లోనే రేకులు తీస్తుంది, చుట్టి డబ్బాల్లో పెట్టి అమ్ముతుంది. ఆటల గురించి ఆవిడకి పెద్దగా తెలీదు. అడిగితే వెంటనే చెప్పింది: "ఆ కప్పు రోజు. ఇండోనేసియా వాళ్ల మీద. ఆయ్, రేకు కుండ మీదే మాడిపోయింది నాకు."

థామస్ కప్. 2022 మే 15, ఆదివారం, భోజనాల వేళ. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మా ఊళ్లో ఎక్కువమంది చెప్పింది ఇదే, దేశమంతా అడిగినా బహుశా ఇదే చెప్తారు.

థామస్ కప్ అంటే పురుషుల టీమ్ టోర్నీ. మూడు సింగిల్స్, రెండు డబుల్స్, ముందుగా మూడు గెలిచినవాళ్లది పోరు. అప్పటిదాకా మనం ఫైనల్ మొహమే చూడలేదు. ఇండోనేసియా అప్పటికి పద్నాలుగు సార్లు గెలిచిన టీమ్. వాళ్లకి బ్యాడ్మింటన్ అంటే మనకి క్రికెట్ లాంటిది అని తేలిగ్గా అనేస్తాం గానీ, ఇంకా ఎక్కువే. అసలు ఈ టోర్నీలో మనం పోటీలోనే ఎప్పుడూ లేకపోవడానికి కారణం డబుల్స్. సింగిల్స్‌లో ఒకటో రెండో లాక్కొచ్చినా డబుల్స్ రెండూ పోయేవి, ఇంటికి వచ్చేసేవాళ్లం. సాత్విక్, చిరాగ్ వచ్చాక ఆ లెక్క మారింది.

ఫైనల్‌కి రావడమే ఒక కథ. క్వార్టర్స్‌లో మలేసియా, సెమీస్‌లో డెన్మార్క్. డెన్మార్క్ మీద వీళ్లిద్దరి మ్యాచ్ 21-18, 21-23, 22-20. ఆ మూడో గేమ్ స్కోరు చూడండి. ఒక్క పాయింటు అటు పడుంటే ఆదివారం మా అత్తయ్య రేకు మాడేది కాదు.

ఫైనల్‌లో మొదట లక్ష్య సేన్ ఆడాడు. మొదటి గేమ్ 8-21. ఘోరం. తర్వాత రెండూ గెలిచాడు. ఆ తర్వాత మనవాళ్లు దిగారు. అవతల మహమ్మద్ అహ్సాన్, కెవిన్ సంజయ సుకముల్జో. ఇద్దరూ మామూలుగా జోడీ కాదు, వేరే వేరే జోడీల నుంచి తెచ్చి కలిపినవాళ్లు. అయితే ఒకడు మాజీ ప్రపంచ చాంపియన్, ఇంకొకడు ఏళ్ల తరబడి నంబర్ వన్. కెవిన్ నెట్ దగ్గర చేసే పని చూస్తే, దొంగతనం ఇంత అందంగా కూడా చేయొచ్చా అనిపిస్తుంది.

మొదటి గేమ్ 18-21 పోయింది. రెండో గేమ్‌లో నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకున్నారు. నాలుగు! ఒక్కసారి ఊహించుకోండి. నాలుగు సార్లు అవతలివాళ్లు చేతులెత్తడానికి రెడీగా ఉన్నారు, నాలుగు సార్లూ దించుకోవాల్సి వచ్చింది. 23-21. మూడోది 21-19. తర్వాత శ్రీకాంత్ వచ్చి 21-15, 23-21తో జొనాథన్ క్రిస్టీని ఓడించి పని ముగించేశాడు. 3-0. డబ్భై మూడేళ్ల టోర్నీలో మనకి మొదటి కప్పు.

ఇక్కడ మా వాళ్ల గొప్ప ఒకటి చెప్పుకోకపోతే నిద్ర పట్టదు. శ్రీకాంత్ పెరిగింది గుంటూరు గానీ పుట్టింది రావులపాలెంలో. అంటే మా పక్కనే. ఆ రోజు గెలిచిన మూడు మ్యాచుల్లో రెండింటిలో గౌతమి, వశిష్ఠ మధ్య నేల వాళ్లున్నారు. మిగతా దేశం "ఇండియా గెలిచింది" అంది. మేమూ అదే అన్నాం, కొంచెం గట్టిగా.

ఇంతకీ అత్తయ్యని అడిగాను, అందులో నీకేం నచ్చింది అని. స్మాషులు అంటుందనుకున్నాను. "ఆ రెండోవాడు తప్పు కొడితే మనవాడు చూడు, వాడి వైపు కోపంగా చూళ్లేదు. చెయ్యి ఇలా తగిలించి వెనక్కి పోయాడు. ఇంట్లో ఇద్దరు కోడళ్లు అలా ఉంటే ఎంత బావుణ్ణు" అంది. కోడళ్లు లోపల్నుంచి విన్నారో లేదో నాకు తెలీదు, నేను మాత్రం డబ్బా పట్టుకుని వచ్చేశాను.

అత్తయ్య చెప్పింది ఆటలో అసలు విషయం. డబుల్స్‌లో ఇద్దరూ ఒకేలా నిలబడరు. కొట్టేటప్పుడు ఒకరు వెనక, ఒకరు ముందు. కాచుకునేటప్పుడు పక్కపక్కన. ర్యాలీలో నాలుగైదు సార్లు ఈ మార్పు జరుగుతుంది, మాట్లాడుకునే టైము ఉండదు. 2016 ప్రాంతంలో మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్ ఈ ఇద్దర్నీ కలిపినప్పుడు ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్లే. ఇద్దరు బాదేవాళ్లని కలపడమంటే ఇద్దరు డ్రైవర్లని ఒకే స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టడమే. ఒకడు నెట్ దగ్గరికి వెళ్లడం నేర్చుకోవాలి. ఇద్దరూ నేర్చుకున్నారు. టీవీలో మనకి సాత్విక్ ఎగిరి కొట్టేదే కనిపిస్తుంది. కానీ వాడి సర్వీసు చూడండి, సర్వీసు తర్వాత నెట్ మీద ఆ చిన్న తాకుడు చూడండి. 565 కొట్టే చెయ్యి ఐదు కిలోమీటర్ల వేగంతో కూడా కొట్టగలదు. నాకు అదే ఎక్కువ ఆశ్చర్యం.

రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్న మా చెల్లి స్నేహితురాలు చెప్పింది వేరే. "ఇండోనేసియా ఓపెన్ 2023. ఫైనల్. ఆరన్ చియా, సో వుయి యిక్." స్కోరు కూడా చెప్పింది, ఫోన్ తీయకుండా: 21-17, 21-18. ఇది నేను ఊహించని జవాబు. అందరూ మూడు గేముల మ్యాచులే చెప్తారనుకున్నాను. ఇది రెండు గేముల్లోనే అయిపోయింది.

"అంతకుముందు ఎనిమిది సార్లు ఆడారండి వాళ్లతో. ఎనిమిదీ ఓడిపోయారు" అంది.

అవును. ఆ మలేసియా జోడీ మనవాళ్లకి కొరకరాని కొయ్య. 2022 ఆగస్టులో టోక్యో వరల్డ్ చాంపియన్‌షిప్‌లో ఏం జరిగిందో గుర్తుందా? క్వార్టర్స్‌లో అప్పటి చాంపియన్లు, సొంత గడ్డ మీద ఆడుతున్న హోకి, కోబయాషీలను 24-22, 15-21, 21-14తో ఓడించి, పురుషుల డబుల్స్‌లో దేశానికి మొదటి పతకం ఖాయం చేశారు. సెమీస్‌లో మళ్లీ చియా, సో. మొదటి గేమ్ 22-20 గెలిచి కూడా 18-21, 16-21తో ఓడారు. ఆ జోడీ వెళ్లి టైటిలే కొట్టింది.

అలాంటి వాళ్లని 2023 జూన్ 18న, జకార్తాలో, సూపర్ 1000 ఫైనల్లో. ఆ స్థాయి టోర్నీ మన డబుల్స్ జోడీ గెలవడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి ఎందుకు ఎంచుకుందో చెప్తూ, "నేను ఒక సబ్జెక్టు మూడు సార్లు పోయానండి. నాలుగోసారి రాయడానికి వెళ్లే ముందు ఆ మ్యాచే చూశాను" అంది. పాసయ్యావా అని అడిగాను. నవ్వింది. అది జవాబు కిందే తీసుకున్నాను.

2023 వేసవి గురించి అడిగితే చాలామందికి ఏది ఏదో కలిసిపోతోంది, తప్పు లేదు. అన్ని గెలిచారు మరి. ఏప్రిల్ 30న దుబాయ్‌లో ఆసియా చాంపియన్‌షిప్, 16-21, 21-17, 21-19. 1965లో దినేశ్ ఖన్నా గెలిచాక మనకి అక్కడ మళ్లీ స్వర్ణం అదే. జులైలో కొరియా ఓపెన్, మొదటి గేమ్ పోయాక ఇండోనేసియా జోడీ అల్ఫియాన్, అర్దియాంతోల మీద. ఆ తర్వాత కోర్టులోనే గంగ్నమ్ స్టైల్ స్టెప్పులు. ఆ డాన్స్ వీడియో చూసినవాళ్లు మా ఊళ్లో మ్యాచ్ చూసినవాళ్లకి పదింతలు ఉంటారని నా అనుమానం.

విచిత్రమేంటంటే, అందరికంటే పెద్ద బంగారం ఎవరూ చెప్పలేదు. 2023 అక్టోబర్ 7, హాంగ్జౌ ఆసియా క్రీడలు. ఫైనల్లో కొరియా జోడీ చోయ్ సోల్‌గ్యు, కిమ్ వోన్ హో మీద 21-18, 21-16. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో మన దేశానికి మొట్టమొదటి స్వర్ణం. సెమీస్‌లో చియా, సోలను 21-17, 21-12తో పక్కన పెట్టేశారు. మూడు రోజుల తర్వాత నంబర్ వన్. అమలాపురంలో ఫ్లెక్సీలు కట్టారు, మా ఊరి సెంటర్లో కూడా కట్టారు. అయినా, "మీ మ్యాచ్ ఏది?" అంటే ఒక్కరి నోటా రాలేదు. అలాగే 2022 కామన్వెల్త్ స్వర్ణం కూడా రాలేదు. హాయిగా గెలిచినవి ఫ్లెక్సీ మీద ఉంటాయి, మనసులో చోటు కోసం పోటీ పడవు. ఇది నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

నా మ్యాచ్ ఏదో ఇప్పుడు చెప్తాను. వింటే కొందరికి నవ్వొస్తుంది.

2021 జులై 24. టోక్యో ఒలింపిక్స్. గ్రూపులో మొదటి మ్యాచ్. అవతల తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చి లిన్. 21-16, 16-21, 27-25.

ఆ మూడో గేమ్ గురించి తెలియనివాళ్ల కోసం: 20-20 అయ్యాక రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా ఆడాలి. అలా 29-29 దాకా సాగొచ్చు, అక్కడ ఎవరు ముందు కొడితే వాళ్లది. 27-25 అంటే దాదాపు ఆ గోడ దాకా వెళ్లి వచ్చారన్నమాట. సాత్విక్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు. మొదటి ఒలింపిక్స్. హాల్లో ప్రేక్షకులు లేరు, కరోనా. ఎగిరి కొట్టిన ప్రతి దెబ్బా ఖాళీ కుర్చీల మీద పడి మోగింది. షూ కీచుమనడం, ఇద్దరూ అరవడం, అంతే శబ్దం. మాకు అదంతా అలవాటే అనిపించింది. మా కొబ్బరి చెట్ల కోర్టులో కూడా చూసేవాళ్లు ఉండరు.

ఆ రోజే మీరాబాయి చాను వెయిట్‌లిఫ్టింగ్‌లో రజతం తెచ్చింది. సహజంగానే దేశమంతా అటు తిరిగింది. పేపర్లో మన మ్యాచ్ లోపలి పేజీకి పోయింది. తర్వాతి మ్యాచ్‌లో కెవిన్, గిడియాన్ జోడీ చేతిలో 13-21, 12-21తో ఓడారు. మూడోది ఇంగ్లండ్ కుర్రాళ్లు లేన్, వెండీల మీద గెలిచారు. మూడింటిలో రెండు గెలిచారు. మామూలుగా చాలు. కానీ చివరి రోజు తైవాన్ జోడీ వెళ్లి కెవిన్ వాళ్లని కూడా ఓడించేసింది. మూడు జోడీలకీ రెండేసి గెలుపులు. ఇక గేముల లెక్క తీశారు. అందులో మనవాళ్లు మూడోవాళ్లు. క్వార్టర్స్‌కి ఇద్దరికే చోటు.

అసలు ట్విస్ట్ తర్వాత. లీ, వాంగ్ ఆ ఒలింపిక్స్ స్వర్ణం గెలిచారు. టోర్నీ మొత్తంలో వాళ్లని ఓడించిన జోడీ ఒక్కటే. మనది. చాంపియన్లని ఓడించినవాళ్లు గ్రూపు దాటకుండా విమానం ఎక్కారు.

అప్పట్లో నాకు ఉద్యోగం లేదు. ఒక పరీక్షలో మార్కులు వచ్చాయి, పోస్టు రాలేదు, కటాఫ్ దగ్గర ఏదో లెక్క. ఇంట్లోవాళ్లకి ఆ లెక్క వివరించలేక చచ్చాను. "మార్కులొచ్చాయిగా, మరి ఎందుకు రాలేదు?" అంటే ఏం చెప్తాం. సాత్విక్ మ్యాచ్ చూపించి, "ఇదిగో, ఇలా" అన్నాను. మా నాన్న అర్థం చేసుకున్నారు. ఆయనకి బ్యాడ్మింటన్ రూల్స్ తెలియవు గానీ, ధాన్యం బాగా పండి కూడా చేతికి రాని సంవత్సరాలు తెలుసు.

ఇంకొకాయన, రిటైరైన వ్యాయామం మాస్టారు, వయసు డెబ్భై దాటింది. ఆయన ఇంకా వెనక్కి వెళ్లారు. "థాయ్‌లాండ్, 2019. అప్పటికి వాడికి పందొమ్మిది కూడా రాలేదోయ్." నిజమే, తొమ్మిది రోజులు తక్కువ. ఆగస్టు 4న ఫైనల్, చైనా జోడీ లీ జున్‌హుయ్, ల్యూ యుచెన్ మీద 21-19, 18-21, 21-18. అవతలివాళ్లు అప్పటి ప్రపంచ చాంపియన్లు. మాస్టారి కారణం మాత్రం వేరు. "వాళ్ల నాన్న కూడా మా లాగే పీఈటీ. కొడుకు గెలిస్తే లోకమంతా కోచ్ పేరు అడుగుద్ది. మొదట రాకెట్ చేతికిచ్చినోడు పీఈటీ అని మాకు తెలుసు" అన్నారు.

సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథం గారి గురించి అంటున్నారాయన. ఈ మాటతోనే నేను చివరి జవాబుకి వస్తాను.

దానికి ముందు ఒక హాలు గురించి చెప్పాలి. పారిస్‌లో పోర్ట్ ద లా షపెల్ అనే చోట ఉంది. ఇప్పుడు అడిదాస్ అరీనా అంటున్నారు. 2024 మార్చి 10న అక్కడ ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్. మనవాళ్లు తైవాన్ జోడీని 21-11, 21-17తో ఊడ్చేశారు. అదే హాల్లో ఐదు నెలల్లో ఒలింపిక్స్. ఇంకేముంది, పతకం గ్యారంటీ అనుకున్నాం. ఆగస్టు 1, క్వార్టర్ ఫైనల్. అవతల మళ్లీ చియా, సో. మొదటి గేమ్ 21-13 గెలిచారు. తర్వాత 14-21, 16-21. ఆ రాత్రి మా లొల్ల లాకుల దగ్గర కూర్చున్న పదిమందిలో ఒక్కరూ మాట్లాడలేదు. మా వైపు మనుషులు మాట్లాడకుండా కూర్చోవడం ఎంత పెద్ద విషయమో గోదావరి వాళ్లకి వివరించనక్కర్లేదు. వాళ్ల కోచ్, డెన్మార్క్ మాజీ ఆటగాడు మథియాస్ బో కూడా ఆ ఓటమి తర్వాత కోచింగ్‌కే సెలవు చెప్పాడు.

2023కి ఇద్దరికీ ఖేల్‌రత్న ప్రకటించారు. 2024 జనవరిలో రాష్ట్రపతి భవన్‌లో అవార్డులిచ్చేటప్పుడు ఇద్దరూ మలేసియాలో ఆడుతున్నారు. అందుకోవడం వాయిదా పడింది. ఏడాది దాటాక, 2025 ఫిబ్రవరి 20న, ఢిల్లీలో ఆ అవార్డు తీసుకోవాల్సిన రోజునే కాశీ విశ్వనాథం గారు గుండెపోటుతో పోయారు.

ఆ ఏడాది ఆగస్టులో వరల్డ్ చాంపియన్‌షిప్. ఎక్కడో చెప్పండి? పారిస్. అదే హాలు. క్వార్టర్ ఫైనల్, ఆగస్టు 29. అవతల ఎవరో కూడా మీరే చెప్పేస్తారు.

21-12, 21-19.

ఈ మ్యాచ్ చెప్పినవాడు నా చిన్ననాటి స్నేహితుడు. సెంటర్లో కిరాణా కొట్టు. షటిల్ డబ్బాలు కూడా అమ్ముతాడు, ప్లాస్టిక్‌వి. వాళ్ల నాన్న కూడా 2025లోనే పోయారు, సంక్రాంతి వెళ్లాక. ఆ తర్వాత కొన్ని నెలలు కొట్టు తెరిస్తే తెరిచినట్టు, లేకపోతే లేదు. తెరిచినా, అడిగింది ఇవ్వకుండా వేరేది ఇచ్చేవాడు. మేమెవరం ఏమీ అనలేదు.

అందులో ఏ ర్యాలీ నచ్చిందిరా అని అడిగాను.

"ర్యాలీలేం గుర్తులేవురా" అన్నాడు. "ఫిబ్రవరికీ ఆగస్టుకీ ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో నేను లెక్కల పుస్తకం తెరవలేదు. ఆయన రాసిన పేజీ దాటి నేను రాయాలంటే చెయ్యి రాలేదు. వాడు అదే హాలుకెళ్లాడు, అదే వాళ్లతో ఆడాడు. రెండో గేమ్ దగ్గర పడినప్పుడు నాకు భయం వేసింది, మళ్లీ మూడో గేమ్‌కి పోతదేమో, పోయినేడు లాగే అయిపోద్దేమో అని. పోలేదు. అంతే."

పుస్తకం తెరిచావా మరి, అన్నాను.

"మర్నాడు తెరిచాను. నువ్వు మూడొందల ఎనభై బాకీ. అందులో ఉంది."

ఇచ్చేశాను. మర్నాడు సెమీస్‌లో చైనా జోడీ చెన్ బోయాంగ్, ల్యూ యీ చేతిలో మనవాళ్లు 19-21, 21-18, 12-21తో ఓడిపోయారు. రెండో ప్రపంచ కాంస్యంతో తిరిగొచ్చారు. అది కూడా వాడు చూశాడట, కొట్టు కట్టేయకుండానే, బేరాల మధ్యలో.

మా పక్కింటి తమ్ముడు ఇంకా జవాబు చెప్పలేదు. మీరూ ఆలోచించండి. ఒక్కటే మ్యాచ్. ఫోన్ మాత్రం బోర్లా పెట్టి.